కిడ్నీ మార్పిడి తర్వాత మూత్రనాళం ఇరుకైందంటున్నారు: నొప్పి లేకపోయినా నెఫ్రాస్టమీ తప్పదా?

ప్రశ్న: వంశధార

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఒక ఊరు. మా తమ్ముడికి ముప్పై నాలుగేళ్లు. చాలాకాలం డయాలసిస్ చేయించుకున్న తర్వాత, ఈ మధ్యే మా అమ్మ ఇచ్చిన కిడ్నీని అతనికి అమర్చారు. ఆపరేషన్ బల్ల మీదే మూత్రం రావడం మొదలైందని డాక్టర్లు చెప్పారు. ఇంటికి పంపే నాటికి క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడపోయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.2కు దిగింది. కొద్ది వారాల తర్వాత మూత్రనాళం తెరుచుకుని ఉండేందుకు లోపల పెట్టిన సన్నని గొట్టాన్ని, అంటే డీజే స్టెంటును, కెమెరా గొట్టంతో తీసేశారు. ఆ తర్వాత చేయించిన పరీక్షల్లో క్రియాటినిన్ మొదట 1.4 వచ్చింది, తర్వాత 1.6 అయింది, ఇప్పుడు 2.1 చూపిస్తోంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ మందు రక్తంలో లెవెల్ ఉండవలసిన పరిధిలోనే ఉందన్నారు. స్కానింగ్‌లో మాత్రం కొత్త కిడ్నీ వాచినట్టు కనిపించిందనీ, దాని నాళం మూత్రాశయంలో కలిసే చోట ఇరుకై ఉండవచ్చనీ చెప్పి, పొట్ట మీదనుంచి కిడ్నీలోకి సన్నని గొట్టం వేసి మూత్రాన్ని బయటి సంచిలోకి మళ్లించాలని అంటున్నారు. దీన్నే నెఫ్రాస్టమీ అంటారట.

మాకు మింగుడుపడని విషయం ఏమిటంటే, తమ్ముడికి నొప్పి లేదు, జ్వరం లేదు, రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా మూత్రం వస్తోంది. దారి మూసుకుపోతే ఇంత మూత్రం ఎలా వస్తుంది? ఇది నిజానికి రిజెక్షనేననీ (కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టడం), డాక్టర్లు పేరు మార్చి చెబుతున్నారనీ బంధువులు అంటున్నారు. కొండపిండి ఆకు కషాయం ఇస్తే వాపు దిగుతుందని ఇంకొందరి సలహా. ఇవన్నీ వింటున్న మా అమ్మ, తన వయసు కిడ్నీ కావడం వల్లే కొడుక్కి ఈ గతి పట్టిందని అన్నం ముద్ద ముట్టడం లేదు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: యూరాలజిస్టు, హైదరాబాదు

అమ్మా, మీ తమ్ముడి కాగితాలను నేను చూడలేదు కాబట్టి ఆయనను చూస్తున్న వైద్యుల మాటే ప్రమాణం. అయితే మీరు రాసిన క్రమాన్ని బట్టి వారు సరైన దారిలోనే ఆలోచిస్తున్నారని నాకు అనిపిస్తోంది.

ముందుగా మీ అమ్మగారి సంగతి చెబుతాను, ఎందుకంటే అదే నన్ను ఎక్కువగా బాధించింది. మన సొంత మూత్రనాళానికి పైనుంచి కిందిదాకా దారి పొడవునా చుట్టుపక్కల రక్తనాళాల నుంచి చిన్న చిన్న పాయలు వచ్చి చేరుతుంటాయి. దాత శరీరం నుంచి కిడ్నీని తీసినప్పుడు ఆ పాయలన్నీ తెగిపోక తప్పదు, ఆపైన ఆ నాళం కేవలం కిడ్నీ ధమని నుంచి దిగివచ్చే సన్నని కొమ్మ మీదే ఆధారపడి బతకాలి. కాలువ చివరి పొలానికి నీరు అందడం ఎంత కష్టమో, మూత్రాశయానికి కుట్టిన ఆ చివరి కొసకు రక్తం అందడమూ అంతే కష్టం. రక్తం బొత్తిగా చాలకపోతే తొలి రోజుల్లోనే ఆ కొస చితికి మూత్రం లోపల కారుతుంది. కొంచెం తక్కువైతే అక్కడ మచ్చ కట్టి, వారాలూ నెలలూ గడిచేకొద్దీ నాళం బిగుసుకుపోతుంది. ఇరవై ఏళ్ల దాత ఇచ్చిన కిడ్నీలోనూ ఇది జరుగుతుంది. క్రియాటినిన్ 1.2కు దిగిందంటే అమ్మగారు ఇచ్చిన కిడ్నీ చక్కగా పనిచేసిందనే అర్థం. ఇబ్బంది వచ్చింది కిడ్నీకి కాదు, దాని కింది గొట్టానికి. ఈ మాట ఆవిడకు దయచేసి ఈ రోజే చెప్పండి.

నొప్పి ఎందుకు లేదన్నది రెండో సంగతి. కిడ్నీని కొత్త చోట అమర్చేటప్పుడు దాని ధమనినీ సిరనూ తుంటి దగ్గర రక్తనాళాలకు కలుపుతారు గానీ, దానికి ఉండే నరాలను కలపరు, కలపడం సాధ్యమూ కాదు. అందువల్ల సొంత కిడ్నీకి రాయి అడ్డుపడితే మనిషిని మెలితిప్పే నొప్పి ఇక్కడ రాదు. కిడ్నీ నిండి ఉబ్బుతున్నా రోగి హాయిగా తిరుగుతుంటాడు. క్రియాటినిన్ పెరగడం, స్కానింగ్‌లో వాపు కనిపించడం, కొందరిలో రక్తపోటు ఎక్కడం తప్ప మరో కబురు ఉండదు. మార్పిడి చేయించుకున్నవారికి పరీక్షలు మానవద్దని మేము అంతగా పట్టుబట్టడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

ఇక రెండు లీటర్ల మూత్రం ఎలా వస్తోందని అడిగారు. దారి పూర్తిగా మూసుకోలేదు, ఇరుకైంది. ఇరుకైన దారిలో మూత్రం ముందుకు సాగాలంటే వెనుక ఒత్తిడి పెరగాలి. ఆ ఒత్తిడి కిడ్నీలో వడపోతను మెల్లగా దెబ్బతీస్తుంది, మూత్రాన్ని చిక్కబరిచే శక్తిని అంతకంటే ముందే దెబ్బతీస్తుంది. అందుచేత పలచటి మూత్రం ఎప్పటిలాగే, ఒక్కోసారి ఎక్కువగా కూడా వస్తుంది. ఎంత వస్తోందన్నది ఇక్కడ భరోసా కాదు, రక్తంలోని వ్యర్థాలను అది ఎంతవరకు తీసుకుపోతోందన్నదే ముఖ్యం.

స్కానింగ్‌లో వాపు కనిపించినంత మాత్రాన నాళం ఇరుకైందని తీర్మానించకూడదన్నది కూడా నిజమే. మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు మార్పిడి కిడ్నీ కొంచెం ఉబ్బి కనిపించడం మామూలే, అందుకే మూత్రం పోసి వచ్చాక మళ్లీ చూస్తారు. మగవారిలో ప్రోస్టేటు గ్రంథి పెరిగినా, మధుమేహం వల్ల మూత్రాశయం నరాలు మొద్దుబారినా ఇదే చిత్రం కనిపిస్తుంది. అటువంటప్పుడు కొద్ది రోజులు మూత్రాశయంలోకి గొట్టం (కాథెటర్) పెడితే క్రియాటినిన్ దానంతట అదే దిగివస్తుంది. కిడ్నీ పక్కన శోషరసం చేరి సంచిలా ఏర్పడి నాళాన్ని బయటినుంచి నొక్కడం మరో కారణం. దీనిని లింఫోసీల్ అంటారు. ఆ ద్రవాన్ని సూదితో తీసి పరీక్షిస్తే, అందులోని క్రియాటినిన్ రక్తంలో ఉన్నంతే ఉంటే అది శోషరసం, రక్తంలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటే అది కారుతున్న మూత్రం. మీ డాక్టరు వీటిని చూశారా అని అడగడంలో తప్పేమీ లేదు, అడగండి.

ఇవేవీ కాకపోతే నెఫ్రాస్టమీ వేయించుకోవడమే మంచిది. పేరు వింటే భయం వేస్తుంది గానీ, మార్పిడి కిడ్నీ పొట్ట కింది భాగంలో చర్మానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి, స్కానింగ్‌లో చూస్తూ, ఆ చోటు వరకే మొద్దుబారేలా మత్తు సూది ఇచ్చి ఈ గొట్టం వేస్తారు. దానివల్ల ఒకేసారి రెండు పనులు జరుగుతాయి. కిడ్నీ మీది ఒత్తిడి దిగిపోతుంది, రోగనిర్ధారణ కూడా తేలుతుంది. గొట్టం వేశాక కొద్ది రోజుల్లో క్రియాటినిన్ దిగివస్తే తప్పు దారిదేనని రుజువైనట్టు. దిగకపోతే అప్పుడు రిజెక్షన్ గురించీ వైరస్ గురించీ ఆలోచించి కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీకి వెళతారు. కాబట్టి మీ బంధువుల అనుమానానికి కూడా ఇదే సమాధానం చెబుతుంది. ఎవరూ పేర్లు మార్చడం లేదమ్మా. ఈ రెండు జబ్బులకూ క్రియాటినిన్ ఒకేలా పెరుగుతుంది గానీ చికిత్సలు పూర్తిగా వేరు, ఇరుకైన నాళానికి రిజెక్షన్‌కు ఇచ్చే స్టెరాయిడ్ సూదులు ఇస్తే మేలు జరగకపోగా ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఆ తర్వాత అదే గొట్టం గుండా రంగు మందు పంపి ఎక్స్‌రే తీస్తారు. ఇరుకు ఎక్కడ ఉంది, ఎంత పొడవు ఉంది అన్నది అందులో తెలుస్తుంది. పొట్టిగా ఉండి, మార్పిడి జరిగిన కొత్తలోనే బయటపడినదైతే బెలూన్‌తో వెడల్పు చేసి కొంతకాలం స్టెంటు ఉంచుతారు. పొడవైనదైతే, లేదా బెలూన్ తర్వాత మళ్లీ బిగుసుకుంటే ఆపరేషన్ చేస్తారు. బాగున్న భాగం వరకు నాళాన్ని కత్తిరించి మూత్రాశయానికి కొత్తగా కుట్టడం, రోగి సొంత మూత్రనాళాన్నే తెచ్చి కొత్త కిడ్నీకి కలపడం, మూత్రాశయం గోడలోంచి ఒక పట్టీ తీసి గొట్టంగా చుట్టి పైకి అందించడం వంటి పద్ధతులు ఉన్నాయి. చేయి తిరిగిన యూరాలజిస్టు చేతిలో ఈ ఆపరేషన్ల ఫలితాలు బాగుంటాయి, వీటివల్ల కిడ్నీని పోగొట్టుకోవలసి రావడం అరుదు. నెలల తరబడి ఒత్తిడిని అలాగే వదిలేస్తే మాత్రం ఎండిపోయిన కిడ్నీ కణజాలం తిరిగి రాదు.

జవాబు: కృష్ణాతీరం

వంశధార గారూ, నేను వైద్యుణ్ణి కాదు, మార్పిడి చేయించుకున్న మనిషిని. నాకూ ఇదే ఇబ్బంది వచ్చింది, నెఫ్రాస్టమీ గొట్టంతో కొంతకాలం గడిపాను. డాక్టరుగారు రాసినదానికి నేను కలపగలిగింది ఆ గొట్టంతో ఇంట్లో బతకడం గురించి మాత్రమే.

మామూలుగా సొంత కిడ్నీకి గొట్టం వేస్తే నడుము వెనుక వస్తుంది, చూసుకోవడానికి మరొకరు కావాలి. మార్పిడి కిడ్నీకి పొట్ట ముందు భాగంలోనే వస్తుంది కాబట్టి మీ తమ్ముడు తన కట్టును తానే చూసుకోవచ్చు. మొదటి రోజుల్లో సంచిలోకి వచ్చేది గులాబీ రంగులో ఉంటుంది, కంగారు పడనక్కరలేదు, మెల్లగా గడ్డి రంగుకు తిరుగుతుంది. గొట్టం చర్మంలోంచి బయటికి వచ్చే చోట ఒక కుట్టు, ఆ పైన పారదర్శకమైన ప్లాస్టరు ఉంటాయి. గొట్టాన్ని అక్కడినుంచి నేరుగా కిందికి వేలాడనీయకుండా, చిన్న మెలిక వేసి తొడ మీద మరో చోట ప్లాస్టరుతో అంటించాలి. అప్పుడు పొరపాటున సంచి దేనికైనా తగులుకున్నా ఆ లాగుడు మెలిక దగ్గరే ఆగిపోతుంది, కుట్టు మీద పడదు. నాకు ఒక నర్సమ్మ నేర్పిన ఈ చిన్న ఉపాయం బస్సు ప్రయాణాల్లో ఎంతో కాపాడింది.

సంచి ఎప్పుడూ కిడ్నీ కంటే దిగువనే ఉండాలి, పడుకున్నప్పుడు కూడా మంచం పక్కన కిందికి వేలాడదీయాలి, పరుపు మీద పెట్టకూడదు. సగం నిండగానే ఖాళీ చేయాలి, ఖాళీ చేసేముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. సంచిలోకి ఎంత వచ్చిందో, మామూలు దారిలో ఎంత వచ్చిందో విడివిడిగా ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. డాక్టర్లు ఆ లెక్కను నిజంగా చూస్తారు. మామూలు దారిలో వచ్చేది చాలా తగ్గిపోతుంది, దాన్ని చూసి భయపడవద్దు. కానీ సంచిలోకి వచ్చేది ఉన్నట్టుండి ఆగిపోయినా, రక్తపు గడ్డలు కనిపించినా, గొట్టం పక్కనుంచి తడి కారుతున్నా, చలితో జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. గొట్టం జారి బయటికి వస్తే దాన్ని ఇంట్లో లోపలికి నెట్టే ప్రయత్నం అసలు చేయకూడదు.

గొట్టం వేసిన మొదటి ఒకటి రెండు రోజుల్లో మూత్రం వరదలా రావచ్చు. ఆ సమయంలో ఎంత నీళ్లు తాగాలో, సెలైన్ కావాలో వద్దో డాక్టర్లు లెక్కగట్టి చెబుతారు.

జవాబు: ఫార్మసిస్టు, ఖమ్మం

కొండపిండి ఆకు ప్రస్తావన చూసి రాస్తున్నాను. ఆ ఆకును మన పల్లెల్లో మూత్రంలో రాళ్లకు తరతరాలుగా వాడుతున్న మాట నిజమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అయితే మచ్చ కట్టి బిగుసుకున్న నాళాన్ని ఏ కషాయమూ వెడల్పు చేయలేదు. పైగా టాక్రోలిమస్ చాలా సున్నితమైన మందు, దాని మోతాదులో ఎక్కువకూ తక్కువకూ మధ్య ఉన్న చోటు చాలా ఇరుకు. రక్తంలో కొంచెం పెరిగితే అదే కిడ్నీని దెబ్బతీస్తుంది, కొంచెం తగ్గితే రిజెక్షన్ రావచ్చు. కాలేయంలో ఆ మందును విరగగొట్టే ఎంజైమును ఏ ఆకు పెంచుతుందో, ఏది తగ్గిస్తుందో కొలిచిన లెక్కలు లేకుండా కషాయాలు కలపడం ప్రమాదం. పంపరపనస పండును కూడా ఈ కారణంతోనే తినవద్దంటారు. శ్రీకాకుళం వైపు పెరళ్లలో ఈ చెట్టు ఉండేదే కాబట్టి గుర్తు చేస్తున్నాను.

ఊళ్లో సూది వేయించుకోవడం అంతకంటే పెద్ద భయం. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, మూత్రంలో మంటకు జెంటామైసిన్ లేదా అమికాసిన్ అడగకుండానే వేసే చోట్లు చాలా ఉన్నాయి. ఇవి మామూలు మనిషి కిడ్నీకే భారం, టాక్రోలిమస్ వాడుతున్నవారికి మరీ హాని. దగ్గుకు ఇచ్చే క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకోనజోల్ టాక్రోలిమస్ స్థాయిని పెంచేస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ అమాంతం పడగొడుతుంది. విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా ఆ స్థాయి పెరుగుతుందని చాలామందికి తెలియదు. మీ తమ్ముడు వాడుతున్న మందుల చీటీని ఫోనులో ఫొటో తీసి ఉంచుకుని, ఎక్కడికి వెళ్లినా ముందు అది చూపించమనండి. లెవెల్ పరీక్షకు రక్తం ఇచ్చే రోజున ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుంటే అంకె తప్పుగా ఎక్కువ చూపించి, అవసరం లేకుండా మోతాదు తగ్గించే పరిస్థితి వస్తుంది.

వంశధార

మీ అందరి ఋణం తీర్చుకోలేనిది. గొట్టం వేశారు. క్రియాటినిన్ రోజురోజుకూ దిగుతూ 1.3కు వచ్చింది. డాక్టరుగారి జవాబును అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను, ఆ పూట అన్నం తిన్నది. రంగు మందు ఎక్స్‌రేలో మూత్రాశయం దగ్గర కొద్దిపాటి ఇరుకే ఉందనీ, బెలూన్ సరిపోవచ్చనీ అంటున్నారు.

ఇంకొక్క సందేహం. మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షలో ఈ.కోలై అనే సూక్ష్మజీవి పెరిగిందట. జ్వరం గానీ మంట గానీ లేవు. జ్వరం లేకపోతే యాంటీబయాటిక్ అక్కర్లేదని ఒక డాక్టరు అన్నారు, బెలూన్ చేసే ముందు తప్పకుండా ఇస్తామని మరొక డాక్టరు అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? బీకే వైరస్ పరీక్ష కూడా రాశారు, అది దేనికి?

జవాబు: యూరాలజిస్టు, హైదరాబాదు

1.3 అన్న అంకె చూసి చాలా సంతోషించానమ్మా. అమ్మగారు భోజనం చేశారన్నందుకు ఇంకా ఎక్కువగా.

ఆ ఇద్దరు డాక్టర్లూ చెప్పింది సరైనదే. బయటినుంచి గొట్టం లోపలికి వెళ్లిన చోట కొద్ది రోజుల్లో సూక్ష్మజీవులు కాపురం పెట్టడం సహజం. అవి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. మార్పిడి జరిగి నెల దాటినవారిలో ఏ బాధా లేకుండా మూత్రంలో సూక్ష్మజీవులు కనిపిస్తే, వాటికోసం వెతకడమూ మందులివ్వడమూ వద్దని అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2019లో వెలువరించిన మార్గదర్శకాల్లో చెప్పింది. ప్రతి కల్చర్‌కూ మందు ఇస్తూ పోతే, ఆ మందులకు లొంగని రకాలు మిగిలి, నిజంగా జ్వరం వచ్చిన రోజున వాడటానికి మందు ఉండదు. మన దేశంలో ఇది ఊహ కాదు, మా వార్డుల్లో నిత్యం చూస్తున్నదే. అయితే మూత్రనాళం లోపలి పొర చీలే అవకాశం ఉన్న బెలూన్ వంటి ప్రక్రియలకు ముందు మాత్రం సంగతి వేరు. ఆ చీలిక గుండా సూక్ష్మజీవులు రక్తంలోకి దూరగలవు కాబట్టి, కల్చర్‌లో ఏ మందుకు లొంగుతున్నాయో చూసి, ప్రక్రియకు కొంచెం ముందు ఆ మందును కొద్ది మోతాదుల్లో ఇవ్వాలని అవే మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి ఇప్పుడు మందు లేకపోవడం, బెలూన్ ముందు మందు ఇవ్వడం, రెండూ ఒకే ఆలోచనలోని భాగాలే. జ్వరమో, కిడ్నీ ఉన్న చోట నొప్పో వస్తే మాత్రం ఆ క్షణంనుంచే చికిత్స మొదలుపెట్టాలి. స్టెరాయిడ్ వాడేవారిలో జ్వరం అంతగా పైకి రాకపోవచ్చు కాబట్టి, కాస్త ఒళ్లు వెచ్చగా ఉన్నా థర్మామీటరు పెట్టి చూడండి. ఉదయం వేసుకునే కోట్రైమాక్సజోల్ మాత్ర ఉంటే దాన్ని సొంతంగా ఆపవద్దు, అది న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రాకుండా కూడా కాపాడుతుంది.

బీకే వైరస్ పరీక్ష రాయడం మంచి వైద్యుల లక్షణం. ఈ వైరస్ మనలో చాలామందికి చిన్నతనంలోనే సోకి, కిడ్నీలోనూ మూత్రనాళపు పొరలోనూ చప్పుడు చేయకుండా ఉండిపోతుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడినప్పుడు మళ్లీ లేస్తుంది. లండన్‌లో చికిత్స పొందిన ఒక సూడాన్ దేశస్థుడి మూత్రంలో దీన్ని మొదటిసారి గుర్తించి 1971లో ప్రకటించారు. ఆయన పేరులోని పొడి అక్షరాలే ఈ వైరస్‌కు పేరయ్యాయి. ఆయన కూడా కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాడే, ఆయనకు వచ్చిన ఇబ్బంది కూడా మూత్రనాళం ఇరుకు కావడమే. మీ తమ్ముడి విషయంలో రక్తప్రసారమే కారణం కావచ్చు గానీ, రక్తంలో ఈ వైరస్ ఎక్కువగా కనిపిస్తే బెలూన్‌తో పాటు రోగనిరోధక శక్తిని తగ్గించే ఆ మందుల మోతాదును కూడా జాగ్రత్తగా తగ్గించవలసి ఉంటుంది. తొలి రెండేళ్లూ ఈ పరీక్షను వాళ్లు చెప్పిన వ్యవధిలో చేయిస్తూ ఉండండి.

బెలూన్ తర్వాత మళ్లీ ఒక స్టెంటు పెడతారు. దాన్ని పెట్టిన తేదీ, తీయవలసిన తేదీ డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, ఇంట్లో క్యాలెండరు మీద కూడా గుర్తు పెట్టండి. మరిచిపోయిన స్టెంటు చుట్టూ సున్నంలా రాయి పేరుకుని, తీయడానికి మళ్లీ ఆపరేషన్ అవసరమైన వారిని చాలామందిని చూశాను. స్టెంటు తీసిన వారం పది రోజులకు ఒక క్రియాటినిన్, మూత్రం పోసి వచ్చాక ఒక స్కానింగ్ చేయించండి. ఆ తర్వాత ఒక నెల గడిచాక మరోసారి చేయించండి. మళ్లీ బిగుసుకునేదైతే చాలావరకు ఆ రోజుల్లోనే తెలుస్తుంది. అప్పుడు రెండోసారి బెలూన్‌కు వెళ్లాలా, నేరుగా ఆపరేషన్ చేయించాలా అన్నది ఎక్స్‌రే ఫిల్ములు దగ్గర పెట్టుకుని మీ యూరాలజిస్టుతో మాట్లాడండి.